యాడ చూసినావు?

పోయిన వారం హిందూపురంలో మందుల షాపుకు వెళ్ళాను. మా ఇంటావిడ థైరాయిడ్ మాత్రలు అయిపోయాయి. కౌంటర్లో ఉన్నాయన చీటీ మీద ఒక చూపు పడేసి, వెనక్కి తిరగనైనా తిరగకుండా "లేదన్నా" అన్నాడు. నేను ఆలోచించి అన్నది కాదు, నోరు దానంతట అదే అనేసింది.

"యాడ చూసినావప్పా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తెల్లచొక్కా, చేతిలో సంచి, మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, ఈ ఎదురుప్రశ్న ఏమిటని అనుకుని ఉంటాడు. విసుగ్గా అరల వైపు తిరిగాడు. ఆ మాట నాది కాదు. ఆ మాట అనే ఆమె పోయి అప్పటికి నెల దాటింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళలోనూ శాఖలున్న ఒక ట్రస్టు ఆస్పత్రిలో నేను పనిచేస్తాను. పెనుకొండ శాఖలో రికార్డుల గది నాది. ఆమె హిందూపురంలో కూర్చుని మూడు శాఖల కంప్యూటర్లనూ చూసుకునేది. రోగుల వివరాలన్నీ, ఎవరికి ఏ జబ్బు, ఏ మందు ఇచ్చారు, ఏది పడలేదు, అన్నీ ఆమె చేతికింద ఉన్న ఒక పెద్ద మిషన్‌లో ఉండేవి.

ఆమెకు "లేదు" అనే మాట గిట్టేది కాదు. ఎవరైనా ఆ మాట అంటే వెంటనే అడిగేది, యాడ చూసినావు అని. క్యాంటీన్‌లో "ఉప్మా లేదు మేడమ్" అంటే అదే ప్రశ్న. వంటాయన గొణుక్కుంటూ గిన్నె మూత తీస్తే అడుగున ఒక ప్లేటు ఉండేది. టికెట్ల కిటికీలోనూ అంతే, పెళ్ళిలో భోజనాల దగ్గరా అంతే. మూడు శాఖల్లోనూ ఆమె చాటున అందరూ "యాడక్క" అనే పిలుచుకునేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "పేరు బాగుండాది, పలకతాలే" అన్నది ఒకసారి నాతో.

ఆమె మాత్రం ఎవరినీ పేరు పెట్టి పిలవదు. ఏ శాఖ మనిషిని ఆ ఊరి పేరుతోనే పిలిచేది. నేను "పెనుకొండ". ధర్మవరం రిసెప్షన్ అమ్మాయి "ధర్మవరం". ఆ అమ్మాయికి పెళ్ళై బుక్కపట్నం కాపురానికి పోయి, ఉద్యోగం మానేసినా, ఫోన్ చేస్తే "ఏం ధర్మవరం, బిడ్డ ఎట్లుండాది?" అనేది. నా పేరు ఈశ్వరయ్య అని ఆమెకు తెలుసో లేదో అని నాకు చాలాకాలం అనుమానం. జీతాల జాబితా ఆమె మిషన్‌లోనే ఉంది కాబట్టి తెలిసే ఉంటుంది.

వారంలో ఒకసారి ప్యాసింజర్ రైల్లో ధర్మవరం పోయేది. బండి పెనుకొండలో ఆగే కాసేపటిలో నేను ప్లాట్‌ఫారం మీద ఫ్లాస్కుతో నిలబడాలి. అది ఆఫీసు నియమం కాదు, ఆమె నియమం. కిటికీ దగ్గర కూర్చుని, బాగుండావా అని గానీ, పని ఎట్లుంది అని గానీ అనకుండా, ముందు చెయ్యి బయటికి చాపేది. "టీ యాడ?" అనేది. టీ చేతికి వచ్చాకే మిగతా మాటలు.

ఆమె చేతిసంచి గురించి చెప్పకపోతే అన్యాయం. దాన్నిండా శనక్కాయ పొట్టు. రైల్లో కాయలు ఒలుచుకు తినడం అలవాటు, బండిలో పొట్టు వెయ్యడం తప్పని పట్టుదల. అందుకని పొట్టంతా సంచిలోకే. లక్షమందిలో ఒక రోగిని కనిపెట్టే మనిషి ఆ సంచిలో కళ్ళజోడు దొరక్క అల్లాడేది. ఒకసారి ధైర్యం చేసి "యాడ చూసినారక్కా?" అన్నాను. ఆ చూపుకు నేను ఆ రోజంతా రికార్డుల గదిలోంచి బయటికి రాలేదు.

కోపం ఎక్కువ. ఫోన్లో పని అయిపోతే ఉంటాను, పెడతాను అనేదేమీ లేదు, టక్కున కట్. మెచ్చుకోవడం అసలు చేతకాదు. పని బాగా చేస్తే "ఊ" అనేది. ఆ "ఊ" కోసం మేం మూడు శాఖలవాళ్ళం పోటీ పడిన రోజులున్నాయి, ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

ఆమె నాయన ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో చీరలు చూపించే పని చేసేవాడట. అందుకే ఏది వివరించాలన్నా చీరల అంగడే. ఇండెక్సు అంటే ఏమిటక్కా అని నేను మొదట్లో అడిగితే ఇలాగే చెప్పింది.

"అంగట్లో వెయ్యి చీరలు ఉంటాయి. నువ్వు నెమలికంఠం రంగు అడిగితే మా నాయన అన్నీ దించడు. రంగుల వరుస ఆయనకు తెలుసు. నేరుగా ఆ అర కాడికి పోతాడు. ఆ వరుసే ఇండెక్సు. చీర వేరు, వరుస వేరు. వరుస తప్పితే చీర యాడికీ పోదు, అంగట్లోనే ఉంటాది. కానీ అడిగినోళ్ళకు లేదని చెప్తారు."

అప్పుడు నేను ఊ కొట్టాను గానీ, అది నిజంగా అర్థమయింది ఆ తర్వాతెప్పుడో, కనగానపల్లి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మంచం పక్కన నిలబడ్డప్పుడు.

దానికి ముందు మా కార్డుల సంగతి చెప్పాలి. మొదట్లో మూడు శాఖలకూ వేరువేరు నంబర్లు ఉండేవి. అన్నీ కలిపి కొత్త నంబర్లు ఇద్దామంటే జనం ఒప్పుకోలేదు. మా వైపు జనానికి ఆస్పత్రి నంబరంటే ఇంటిపేరుతో సమానం. "మా నాయన కాలం నుంచి ఉండాది సార్, ఈ నంబరు మార్చొద్దు" అని గొడవ. ధర్మవరం మగ్గాల వీధులవాళ్ళయితే మరీను. వాళ్ళకు ఇంటికంతా ఒకటే నంబరు, పక్కన ఒక అడ్డగీత, గీత తర్వాత ఇంట్లో ఎన్నో మనిషో ఆ అంకె. చుట్టుపక్కల పల్లెలకూ అదే పద్ధతి. ఆమె కాసేపు తిట్టి, కాసేపు ఆలోచించి, "పోనీలే, వాళ్ళ నంబరు వాళ్ళది" అని ఊరి అక్షరం ఒకటి ముందు తగిలించి, ఆ గీతలన్నీ అలాగే ఉంచేసింది.

కొన్నేళ్ళకు పాత మిషన్ ముసలిదయింది. ఒక ఆదివారం ఆమె కూర్చుని అంతా కొత్త మిషన్‌లోకి మార్చింది. సోమవారం అన్నీ పనిచేశాయి. మూడు శాఖలకూ మైసూరుపాకు పంపింది. ఆ తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి, కొన్ని కార్డులు కొడితే "ఈ నంబరుతో ఎవరూ లేరు" అని రావడం మొదలైంది. మా రిసెప్షన్ వాళ్ళు తెలివైనవాళ్ళు. రోగి నంబరు మారిస్తే ఊరుకోడు కదా, అందుకని అదే నంబరును మళ్ళీ కొత్తగా ఎక్కించేసేవారు. మిషన్ కూడా తీసుకునేది. పని జరిగిపోతోంది కాబట్టి ఎవరూ హిందూపురానికి చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఒక ముసలమ్మను ఆటోలో తెచ్చారు. ఊరు కనగానపల్లి, పెనుకొండలో ఉన్న కూతురింటికి వచ్చి ఉందట. ఒళ్ళు కాలిపోతోంది, స్పృహ సరిగా లేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చూసి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, గట్టి సూదిమందు వెంటనే పడాలి అన్నది. అంతలో కూతురు అడ్డం వచ్చింది.

"ఏం సూదో తెలీదు మేడమ్, ధర్మవరంలో ఒకతూరి వేస్తే మా అమ్మకు పడలేదు. మొగమంతా వాచి, ఊపిరాడక సచ్చి బతికింది. ఆ పొద్దు మా అన్న ఉన్నాడు, నేను ల్యా. అన్న ఫోను కలవడంల్యా."

కూతురే ముసలమ్మ వక్కాకు సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. మాదే, ధర్మవరం శాఖ ముద్రతో. పేరుతో వెతికే వీలు మా మిషన్‌లో లేదు, నంబరొక్కటే దారి. నంబరు కొట్టాం. ఎవరూ లేరు.

"ఏది పడదో తెలిస్తే అది వదిలేసి ఇంకోటి వేస్తాను. తెలియకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టే" అన్నది డాక్టరమ్మ. ఆలస్యమైతే జబ్బు చంపుతుంది, తప్పు సూది వేస్తే మందు చంపుతుంది. కూతురు నా మొహం వైపే చూస్తోంది. రిసెప్షన్ అమ్మాయి మెల్లగా, "కొత్తగా ఎక్కించేద్దామా సార్, నిన్న కూడా ఒకరికి అట్లే చేసినాం" అన్నది. ఎక్కిస్తే ఏమొస్తుంది, ఖాళీ పేజీ వస్తుంది. నేను హిందూపురానికి ఫోన్ చేశాను.

"అక్కా, ఒక నంబరు లేదంటాంది."

"యాడ చూసినావు?"

"కంప్యూటర్లోనే."

"కంప్యూటరు యాడ చూసింది?"

నాకు కోపం వచ్చింది. ఇక్కడ మనిషి ప్రాణం మీదికి వస్తే ఈమె ప్రశ్నలు ఈమెవి. సంగతంతా గబగబా చెప్పాను.

"కార్డు చేతిలో ఉండాదా?"

"ఉండాది."

"మన ముద్రే గదా?"

"మనదే."

"అట్లయితే ఆయమ్మ లోపల ఉండాది. దావ తప్పింది అంతే. కొత్తది ఎక్కించొద్దు, ఏమీ ముట్టుకోవద్దు. సుమ్నే, ఊరకే ఉండు."

ఫోన్ పెట్టెయ్యలేదు, అదే మొదటిసారి. మీటలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పని చేస్తూనే చెప్పింది, "ఇప్పుడు దానికి చెప్తాండా, వరుసను నమ్మొద్దు, మొదటి మనిషి నుంచి కడా మనిషి దాకా ఒక్కొక్కరినీ చూసుకుంటా రా అని. నిదానమైతాది. డాక్టరమ్మను సెలైన్ పెట్టి కొంచేపు ఆగమను." ఫోన్లో ఎప్పుడూ వినిపించే శనక్కాయల చప్పుడు కూడా ఆ రోజు లేదు. కూతురు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దుతోంది. నేను ఫోన్ చెవికి పెట్టుకుని గోడ గడియారం వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

"దొరికింది" అన్నది. ముసలమ్మ పేరు, మొగుడి పేరు, ఊరు చదివింది. సరిపోయాయి. "పెన్సిలిన్ జాతి సూదులు ఏవీ పడవని ఎర్రక్షరాల్లో రాసిండారు. డాక్టరమ్మకు ఫోనియ్యి, నేనే చదువుతా."

డాక్టరమ్మ విన్నది. ట్రేలో సిద్ధంగా పెట్టుకున్న సీసాను తీసి పక్కన పెట్టి, నర్సును వేరేది తెమ్మన్నది. ఆ పక్కన పెట్టినది ఏమిటని నేను అడగలేదు, ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. నాలుగైదు రోజులకు ముసలమ్మ లేచి కూర్చుని, ఈ ఆస్పత్రి ఇడ్లీ వద్దు, సంగటి తెచ్చివ్వమని కూతురితో పోట్లాడింది.

నేనైతే అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆమె అనుకోలేదు. మూడు శాఖల్లో కొత్త కార్డులు ఆపించి, ముందు ఉన్నదంతా ఉన్నట్టే వేరే డిస్కులోకి కాపీ తీసి దాచింది. మిషన్ అమ్మిన బెంగుళూరాయన ఫోన్లో, ఇండెక్సు చెరిపి మళ్ళీ కట్టేయండి, అరగంట పని అన్నాడట. "కట్టేది అరగంటే సామీ. ఏది ఎందుకు ఇరిగిందో చూడకుండా కడితే ఇంకోతూరి ఇరుగుతాది" అని ఈమె. చూస్తే తేలింది ఏమంటే, అంతా ఆ అడ్డగీత దగ్గర వచ్చింది. పాత మిషన్ నంబర్లను వరుస పెట్టేటప్పుడు గీతను చూసీచూడనట్టు వదిలేసేది. కొత్తది గీతను కూడా ఒక అక్షరంగా లెక్కవేసుకుంటుంది. పాత మిషన్ పేర్చిన వరుసను ఉన్నదున్నట్టు తెచ్చి కొత్తదాని చేతికిచ్చారు. అది తన లెక్క ప్రకారం వెతుకుతూ వేరే అరలోకి పోయి, అక్కడ కనిపించకపోయేసరికి లేరు అనేది. అన్ని కార్డులకూ కాదు, గీతలున్న కుటుంబాల కార్డుల్లో కొన్నిటికే. అందుకే అంతకాలం ఎవరికీ అనుమానం రాలేదు.

వరుస కొత్తగా కట్టబోతే మిషన్ ఒప్పుకోలేదు. ఒకే నంబరు మీద ఇద్దరేసి మనుషులున్నారు, కట్టను పొమ్మంది. మా తెలివితేటలన్నీ అప్పుడు బయటపడ్డాయి. ఆమె మర్నాడే బండెక్కి పెనుకొండలో దిగింది. మేమందరం తలలు వంచుకుని నిలబడ్డాం. చీవాట్లకు సిద్ధపడి వచ్చిన మాకు ఆమె మాట విని ఏం చెయ్యాలో తోచలేదు.

"మీరు చేసిందేముంది. మనిషిని వెనక్కి పంపకుండా పని చేసినారు. గీత పెట్టింది నేను, మిషన్ మార్చింది నేను. పాత వరుస కొత్తదానికి పనికిరాదని నాకు తోచల్ల. తోచలేదు" అన్నది. ట్రస్టు పెద్దల మీటింగులోనూ ఇదే మాట, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పిందని తర్వాత తెలిసింది. బెంగుళూరాయన మీదికి తోసెయ్యమని ఒకరిద్దరు సలహా ఇచ్చారట. ఇచ్చినవాళ్ళకు ఏం సమాధానం దొరికిందో నేను ఊహించుకోగలను.

ఇక ఒకే నంబరు మీద ఉన్న ఇద్దరేసి మనుషులను ఒక్కరిగా కలపాలి. మిషన్ మీద వదలకుండా, మా గదిలోనే కూర్చుని ఇంటింటికీ తనే ఫోన్ చేసింది. ఆ ఫోన్లు వినడానికి మేం కుర్చీలు దగ్గరికి లాక్కునేవాళ్ళం.

"అమ్మా, ఆస్పత్రి నుంచి. మీ చిన్నోడికి ఏదన్నా మందు పడదా? లేదా? ఎవురినడిగి చెప్తాండావు? మీ అత్త ఉండాదా ఇంట్లో? ఆయమ్మకియ్యి ఫోను."

ఆమె పెనుకొండలో దిగిన రోజే నేను, రాండక్కా, ఆ ముసలమ్మను ఒకసారి పలకరించిపోండి అన్నాను. ముసలమ్మ ఇంకా మా వార్డులోనే ఉంది. "పలకరించేదేముంది, నంబరు తెలుసు గదా నాకు" అంటూనే వచ్చింది. వార్డు వాకిలి దాకా వచ్చి ఆగిపోయింది. లోపల ముసలమ్మ కూతురి చేత తల దువ్వించుకుంటోంది. ఈమె తలుపు పట్టుకుని చాలాసేపు చూసింది. లోపలికి మాత్రం రాలేదు. తిరిగి వస్తూ వరండాలో అన్నది, "ఆయమ్మ పోయింటే, పెనుకొండ, లేదు అని చెప్పి పంపించింది నా మిషనే గదా." ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె సంచిలో చెయ్యి పెట్టి కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ నడిచిపోయింది.

రిటైరయ్యాక హిందూపురంలోనే ఉండిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది, ఎప్పటిలాగే టక్కున పెట్టేసేది. కొన్నాళ్ళు ఫోన్ రాలేదు. పక్షవాతం వచ్చిందని, మాట పోయిందని ఎవరో చెబితే బయల్దేరి వెళ్ళాను.

వాళ్ళాయన బడిపంతులుగా చేసిన మనిషి, నెమ్మదస్తుడు. తలుపు తీసి, లోపలికి తీసుకుపోతూనే గొంతు తగ్గించి చెప్పాడు. "వచ్చినోళ్ళంతా, నేనెవరో చెప్పు, నా పేరు చెప్పు అని అడుగుతాండారప్పా. ఊరికే చూస్తాది. తోడబుట్టిన తమ్ముడి పేరు కూడా రాలేదు. ఏమీ లేదు ఇంక, అంతా తుడిచిపెట్టుకోనిపోయింది."

కిటికీ పక్కన మంచం మీద, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. సన్నబడిపోయింది. నన్ను చూసింది. వాళ్ళాయన ఆమె వైపు వంగి, "ఈశ్వరయ్య వచ్చినాడు చూడు. ఎవరు? ఈశ్వరయ్య" అని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఆమె కళ్ళలో ఏమీ కదల్లేదు. కుర్చీలో కూర్చుని తల దించుకున్నాను.

కాసేపటికి నాకే అనిపించింది, వీళ్ళు యాడ వెతుకుతున్నారు అని. నన్ను ఆమె ఏనాడూ ఈశ్వరయ్య అని పిలవలేదు. ఆ అరలో నేను ఎప్పుడూ లేను.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమె మిషన్‌కు చెప్పిన మాట గుర్తొచ్చింది, మొదటి నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ రమ్మని. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, ఆమె వారం వారం ఎక్కిన ధర్మవరం బండి కదిలిన కాడి నుంచి మొదలుపెట్టాను.

"హిందూపురం" అన్నాను.

చూస్తోంది.

"మలుగూరు."

వాళ్ళాయన, ఇదేం పిచ్చి అన్నట్టు నా వైపు చూశాడు. నేను ఆపలేదు. ఒక్కో స్టేషన్ దగ్గర బండి ఆగినంతసేపు ఆగుతూ చెప్పాను. "చాకర్లపల్లి" అని, ఇక ఊరుకున్నాను. ఆ తర్వాతది నేను చెప్పకూడదని అనిపించింది.

ఆమె పెదవులు కదిలాయి. ఒక పక్కకు లాగేసిన నోటితో, చాలా కష్టం మీద, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"పె... నుకొండ."

నా మొహంలోకే చూస్తూ అన్నది. అది స్టేషన్ పేరు కాదు. వాళ్ళాయన గబుక్కున మంచం కోడు పట్టుకున్నాడు. ఆమె బాగున్న చెయ్యిని దుప్పటి మీంచి మెల్లగా లేపి, నా వైపు చాపింది. అరచెయ్యి పైకి పెట్టి, వేళ్ళు కొంచెం ముడిచి, కిటికీలోంచి చాపినట్టే.

"టీ యాడ?" అన్నది.

ఏడుస్తూనే లేచాను. వంటింట్లోకి పోయి చూస్తే పాలు లేవని పనిమనిషి చెప్పింది. నేను ఫ్లాస్కు అడిగి తీసుకుని వీధిలోకి వెళ్ళాను.